ఇంట్లో కొడుతుంటే 100కా, 181కా, తెలిసిన కానిస్టేబుల్‌కా?

నల్గొండలో మా మహిళా సంఘం మీటింగ్ అయిపోయి అందరూ లేచే వేళకు ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. "అక్కా, ఇంట్లో గొడవ పెద్దదైతే ఏ నంబర్‌కు చేయాలి?" నేను తిరిగి అడిగేది ఒకటే: కొట్టుడు ఇప్పుడు నడుస్తుందా, అయిపోయిందా?

నడుస్తుంటే 100 లేదా 112, ఇంకో ఆలోచన వద్దు. కాల్ రికార్డవుతుంది, దగ్గర్లోని పెట్రోలింగ్ బండికి సమాచారం పోతుంది. అయితే నంబర్ కన్నా మనం చెప్పే మొదటి మాటలే ముఖ్యమని నాకు అనుభవం మీద తెలిసింది.

పోయిన ఎండాకాలం పక్కింట్లో అరుపులు విని ఫోన్ చేసి, "భార్యాభర్తలు గొడవ పడుతున్నరు సార్" అన్నాను. అవతలివాళ్లు నింపాదిగా ఒక్కొక్కటే అడుగుతున్నారు. ఇంతలో ఆమె గేటు దాకా ఉరికొచ్చింది. కనుబొమ్మ పగిలింది, రక్తం ఆపడానికి కొంగు అదిమి పట్టుకుంది. "రోకలి పట్టుకుని వెంటపడ్డడు, తల పగిలింది, మూడేళ్ల పాప లోపలే ఉంది" అని అరిచాను. అప్పుడు అటువైపు గొంతు మారింది. "అడ్రస్ చెప్పండమ్మా, ఫోన్ పెట్టేయకండి" అన్నారు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు మన వాకిలి కనపడదు. ఏ కాల్‌కు ముందు బండి పంపాలో వాళ్లు మన మాటను బట్టే తేల్చుకోవాలి.

అందుకే ముందు చోటు చెప్పండి. తండా పేరుతో ఆపకుండా మండలం, వాటర్ ట్యాంకో గుడో ఏదో ఒక గుర్తు చెప్పాలి. తర్వాత చేతిలో ఏముంది, దెబ్బ ఎక్కడ తగిలింది, పిల్లలెక్కడున్నారు, ఆమె గర్భిణా అన్నది. గొంతు పిసికితే అది తప్పకుండా చెప్పాలి. పైకి గాయం లేకపోయినా ప్రాణం మీదికొచ్చే దెబ్బ అది.

పోలీసులు వచ్చాక భర్త ఎదురుగా నిలబడితే చాలామంది "ఏం లేదు సార్" అనేస్తారు. విడిగా మాట్లాడతానని అడగండి. కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వులు, ప్రొటెక్షన్ ఆఫీసర్ (ఇట్లాంటి బాధితులకు సాయం చేయడానికి ప్రభుత్వం పెట్టిన అధికారి), ఉచిత న్యాయ సహాయం గురించి వాళ్లే మీకు చెప్పాలని 2005 గృహహింస చట్టంలో ఉంది.

"ఎట్లాగూ కౌన్సెలింగ్‌కే రమ్మంటరు కదా" అని కొందరు ఫోనే చేయరు. భార్యాభర్తల తగాదాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అది కేసు కట్టే ముందటి సంగతి. దెబ్బలు పడుతున్నప్పుడు పోలీసులు రావడానికి దానితో పని లేదు.

181 అంటే మహిళల హెల్ప్‌లైన్, అది తెల్లారిన తర్వాతకు మంచిది. 24 గంటలూ పలుకుతుంది, సఖి కేంద్రానికి దారి చూపిస్తుంది. అక్కడ వైద్యం, న్యాయ సలహా, కొన్ని రోజులు తలదాచుకునే చోటు దొరుకుతాయి. అక్కడి నుంచి కూడా పోలీసులకు చెప్తారు. కానీ రోకలి లేచినప్పుడు మధ్యలో ఇంకో మనిషి ఎందుకు?

తెలిసిన కానిస్టేబుల్ సెల్‌కు చేస్తే రికార్డు ఉండదు. ఆయన ఆ రోజు బందోబస్తులో ఉంటే అంతే సంగతి. పెద్దమనుషుల పంచాయితీ అసలు అర్ధరాత్రి పని కాదు.

పక్కింటివాళ్లు భయపడుతుంటారు, మనకెందుకని. మంచి ఉద్దేశంతో ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ ఉండదని అదే చట్టం చెప్తుంది. మా పక్కింటామె కనుబొమ్మకు నాలుగు కుట్లు పడ్డాయి. పాపకు ఏం కాలేదు.