బరంపురం పాత బస్టాండు ట్రావెల్స్ ఆఫీసు: ఒక్కదాన్నే వెళ్లిన నా మొదటి విదేశీ ప్రయాణం

పాత బస్టాండు దగ్గర మందుల షాపు మేడ మీద ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. సూరత్ మిల్లులకు పనికి వెళ్లే మన గంజాం కుర్రాళ్ల రైలు టిక్కెట్లు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్ల విమానం టిక్కెట్లు, ఇదే వాళ్లకు రోజువారీ పని. ఊరికే దేశం చూసి వస్తానని ఆ మెట్లెక్కే ఆడవాళ్లు తక్కువ. నేను పట్టుచీరల షాపులో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. వయసు నలభై నాలుగు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయి రెండేళ్లయింది. చేతిలో కొంత డబ్బుంది, పాస్‌పోర్టు ఉంది, ఎక్కడికి వెళ్లాలో మాత్రం తేలలేదు.

నా మనసులో ఉన్నది బాలి. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఇక్కడ అందరితో పాటు మేమూ అరటి దొప్పలతో చేసిన పడవల్లో దీపాలు పెట్టి చెరువులో వదులుతాం. పూర్వం మన సాధవులు, అంటే ఒడియా సముద్ర వర్తకులు, పడవలెక్కి బాలి, జావా వెళ్లేవారని చిన్నప్పుడు అమ్మ చెప్పేది. అందుకే 2024లో కార్తీక పౌర్ణమి వెళ్లిన మూడో రోజున ఆ మెట్లెక్కి "బాలికి ఎంతవుతుంది అన్నయ్యగారూ?" అని అడిగాను.

ఆఫీసు నడిపే ఆయన వెంటనే రేటు చెప్పలేదు. "ముందు కూర్చోండమ్మా. ఒక్కరే అంటున్నారు కదా, మీకు దేనికి భయమో చెప్పండి" అన్నారు. నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఆ ప్రశ్నే. అంతకుముందు ఫోన్లో మాట్లాడిన రెండు చోట్ల బడ్జెట్ ఎంత, ఎన్ని రాత్రులు అని అడిగి, అయిదు నిమిషాల్లో వాట్సాప్‌లో ప్యాకేజీ బొమ్మ పంపారు. భయం సంగతి ఎవరూ అడగలేదు.

నేను నాలుగు చెప్పాను. రాత్రిపూట తెలియని ఊళ్లో దిగడం. ఒంట్లో బాగోకపోతే ఎవరూ లేకపోవడం. సోమ, గురువారాలు నీచు ముట్టను, తిండి ఎలా అన్నది. నాకు స్కూటీ కూడా రాదు, ప్రతిచోటికీ ఎవరినో బతిమాలుకోవాలేమో అన్నది నాలుగోది.

బాలి దగ్గర ఆయన నాలుగోదాన్నే పట్టుకున్నారు. అక్కడ ఊరూరికీ బస్సులు తక్కువ, స్కూటర్ నడిపేవాళ్లకు హాయి, మీరు ప్రతిసారీ కారు మాట్లాడుకోవాలి, మొదటిసారికి వద్దన్నారు. థాయిలాండ్‌కి అప్పట్లో మనవాళ్లకు వీసా అక్కర్లేదు, ఖర్చూ ఎక్కువ కాదు, కానీ సోమవారం శాకాహారం అడిగితే చేపల సాస్ వేసి తెచ్చే వీలుంది, మీరు మూడు రోజులు పండ్లతో గడుపుతారు అన్నారు. నేపాల్ అంటే ఓటరు కార్డు చాలు, పాస్‌పోర్టు మీద ముద్ర కూడా పడదు. నాకు ఆ ముద్ర కావాలి. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసినా చెప్పాను. ఆయన తల ఊపి "అయితే శ్రీలంక" అన్నారు.

నాకు మొదట నచ్చలేదు. పక్కనే ఉన్న దేశం, అందులో విదేశం ఏముంది అనుకున్నాను. ఆయన కాగితం మీద గీసి చూపించారు. చెన్నై నుంచి విమానంలో గంటన్నర లోపే. టైము మనదే, గడియారం మార్చక్కర్లేదు. రైళ్లున్నాయి, రైలు లేని ఊళ్లకు బస్సులుంటాయి. ఒంట్లో బాగోకపోతే 1990కి ఫోన్ చేస్తే ఉచిత అంబులెన్స్ వస్తుంది, మన దేశం సాయంతో మొదలైన సేవే అది. విమానం కూడా మధ్యాహ్నం దిగేదే చూశారు. మొదటి రాత్రికి కొలంబో వద్దు, విమానాశ్రయానికి దగ్గరగా ఉండే నెగొంబోలో దిగమన్నారు. "కొత్త ఊరికి వెలుతురుండగానే చేరాలమ్మా" అన్న మాట ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను.

ప్యాకేజీ అంటగట్టలేదు. ప్యాకేజీగా కొంటే అప్పట్లో 5 శాతం టీసీఎస్ అనే పన్ను ముందు కట్టి తర్వాత ఆదాయపు పన్నులో సర్దుబాటు చేసుకోవాలి, విడివిడిగా బుక్ చేద్దాం అన్నారు. లెక్కలు రాసేదాన్ని కాబట్టి ఇది నాకు బాగా నచ్చింది. ఈటీఏకి, అంటే శ్రీలంక వెళ్లడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతికి, నా ఫోన్లోనే సర్కారు వెబ్‌సైటు తెరిపించి నా చేతనే నింపించారు. అదే రంగులతో, పేరులో ఒక్క అక్షరం తేడాతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు ఉంటాయట, రెండు తెరిచి చూపించారు కూడా. ఈ నియమాలు, ఫీజులు తరచూ మారుతుంటాయి కాబట్టి మీరు వెళ్లేనాటికి మళ్లీ చూసుకోండి. ఆయన తీసుకున్న సర్వీస్ ఛార్జీ 1,500 రూపాయలు.

ఇప్పుడు తప్పు చెప్పాలి. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు, షాపులో పని తక్కువ, అందుకని జనవరి రెండో వారం పెట్టుకున్నాను. 2025 జనవరి 13 పౌర్ణమి, శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవే. 14 పొంగల్, అదీ సెలవే. ఆ పద్నాలుగునే నేను క్యాండీ నుంచి ఎల్లా అనే కొండ ఊరికి రైల్లో వెళ్లాలి. ఆ రైలు రిజర్వేషన్ నెల ముందు తెరుస్తారు, సెలవుల్లో సీట్లు వెంటనే అయిపోతాయి. ఆయన సెలవులు చూసుకోలేదు, పది రోజుల ముందు ప్రయత్నించారు. సీటు లేదు. రిజర్వేషన్ లేని పెట్టెలో ఎక్కి నాను ఓయా స్టేషన్ దాకా దాదాపు నాలుగు గంటలు నిలబడ్డాను. టీ తోటలు, పొగమంచు అన్నీ జనం భుజాల మధ్య నుంచే చూశాను. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లయితే తట్టుకోలేరు. తిరిగొచ్చి చెబితే ఆయన సాకులు చెప్పలేదు, 500 రూపాయలు వెనక్కిచ్చారు. డబ్బు ముఖ్యం కాదు, ఇంకొకరికి ఇలా జరక్కూడదని గోడ క్యాలెండర్ మీద శ్రీలంక సెలవులన్నీ ఆయన చేతనే గుర్తు పెట్టించాను.

తిండికి ఆయన సింహళంలో రెండు మాటలు నేర్పించారు, "మాళు ఎపా", అంటే చేప వద్దు. అది ప్రాణం కాపాడింది. అక్కడి కొబ్బరి పచ్చడి, పొల్ సంబోల్, మనకు శాకాహారంలాగే కనిపిస్తుంది గానీ చాలాచోట్ల ఎండుచేప పొడి కలుపుతారు. ముందే చెబితే లేకుండా ఇస్తారు. ఇడియాప్పం, పప్పు, ఆ పచ్చడితో సోమవారం గడిచిపోయింది.

ఆ సోమవారం సాయంత్రం క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న ఆలయంలో ఉన్నాను. ఆ దంతాన్ని కళింగ రాజకుమార్తె హేమమాల జుట్టులో దాచుకుని, భర్త దంతకుమారుడితో సముద్రం దాటి తెచ్చిందని వాళ్ల కథ. నాలుగో శతాబ్దం నాటి మాట. ఆ కళింగ దంతపురం మన శ్రీకాకుళం జిల్లా దంతవక్త్రుని కోటే అని చరిత్రకారుల్లో కొందరంటారు. రైల్లో వైజాగ్ వెళ్లేటప్పుడు ఎన్నోసార్లు ఆ జిల్లా దాటాను, ఒక్కసారీ దిగలేదు. పూలమ్మే పెద్దావిడ ఎక్కడి నుంచని అడిగితే నాకొచ్చిన ఇంగ్లీషులో "కళింగ" అన్నాను. ఆవిడ "హేమమాలా!" అని నా చేయి పట్టుకుంది, తామరపూలకు డబ్బు తీసుకోలేదు. నేను కట్టుకున్నది మన బరంపురం కుంభం అంచు పట్టుచీర. డప్పులు మొదలయ్యాయి, అందరూ తెల్లబట్టల్లో వరుసగా కదిలారు. అమ్మ ఉంటే బాగుండేదని ఏడుపొచ్చింది. ఆ ఊరిని 1739 నుంచి 1815 దాకా ఏలిన నాయక రాజులు తెలుగు మూలాలున్నవాళ్లే అని తర్వాత మ్యూజియంలో గైడు చెప్పాడు.

ఎనిమిది రోజులకు, చెన్నై రైలు, విమానం అన్నీ కలిపి 61,400 అయింది. కొన్ని పెద్ద షాపుల్లో యూపీఐ పనిచేసింది, బస్సులకీ చిన్న హోటళ్లకీ నోట్లే కావాలి. ప్రయాణ బీమా సంగతి ఆఫీసులో వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, మీరే అడిగి చేయించుకోండి. బిల్లు కూడా అడిగితేనే రాసిస్తారు.

బాలి మానలేదు. పొద్దున్నే గ్రౌండులో మా మేనకోడలు దగ్గర స్కూటీ నేర్చుకుంటున్నాను. ఆఫీసుకు వెళ్లేవాళ్లు పదిన్నర, పదకొండు మధ్య వెళ్లండి. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, సాయంత్రం సూరత్ టిక్కెట్ల కుర్రాళ్లతో బెంచీ నిండిపోతుంది, అప్పుడు ఆయన మీతో తీరిగ్గా మాట్లాడలేరు.