గరివిడి దారిలోని సీమపందుల ఫారం: జన్యు నివేదికకు అదనపు ధర ఇవ్వవచ్చా?

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి నుంచి గరివిడి వెళ్ళే దారిలో ఉన్న ఒక ఫారంవారు లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతి ఆడ పందిపిల్లలను జన్యు పరీక్ష నివేదికతో కలిపి అమ్ముతున్నారు. నివేదిక ఉన్నదానికి మామూలు ధరపైన కొంత అదనం తీసుకుంటారు. మా షెడ్డుకు అక్కడి నుంచే ఆడపందులను తెచ్చుకున్నాను కనుక, ఆ అదనానికి తగిన విలువ ఉందో లేదో తోటి పెంపకందార్లకు చెప్పడం అవసరమనిపించింది.

నివేదికలో ఉన్నది ఈఎస్ఆర్ అనే జన్యువు, అంటే ఈస్ట్రోజెన్ హార్మోనును అందుకునే గ్రాహకానికి సంబంధించినది. ఈ జన్యువు రూపాల్లో బి అనే రూపం ఉన్న పందులు ఎక్కువ పిల్లలను పెడుతున్నాయని 1996లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. చైనాకు చెందిన మైషాన్ జాతి రక్తం కలిసిన పందుల్లో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ బి రూపమే అయినవి, బి ఒక్కటీ లేనివాటికంటే తొలి ఈతలో రెండుకు పైగా పిల్లలను అదనంగా పెట్టాయి. అయితే తరువాతి పరిశీలనల్లో ఈ తేడా అన్ని మందల్లోనూ ఒకేలా కనిపించలేదు. పైగా ఈతకు పుట్టే పిల్లల సంఖ్యలో పందికీ పందికీ ఉండే తేడాలో వంశపారంపర్యంగా వచ్చే భాగం సుమారు పది శాతమే. మిగిలినదంతా మేత, ఎదను సకాలంలో గుర్తించి దాటించడం, ఎండ తాపం, ఎన్నో ఈత అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే ఈ ఫారంలో నాకు నివేదికకంటే ఈతల రిజిస్టరే ఎక్కువ నచ్చింది. చెవిపోగు నంబరు చెప్పగానే తల్లి పేజీ తీసి, ఏ ఈతలో ఎన్ని పుట్టాయి, ఎన్ని చచ్చి పుట్టాయి, పాలు మాన్పించేనాటికి ఎన్ని మిగిలాయి అన్నది దాచకుండా చూపించారు. పిల్లను పక్కకు పడుకోబెట్టి చనుమొనలు నన్నే లెక్కపెట్టుకోమన్నారు. రెండు వరుసల్లోనూ ఏడేసి ఉన్నాయి, లోపలికి ముడుచుకున్నది ఒక్కటీ లేదు. పద్నాలుగు పిల్లలు పుట్టినా పాలు అందాలి కదా! వేరొకచోట చెవిపోగైనా లేని పిల్లకు నివేదిక జిరాక్సు చూపి ధర పెంచి అడిగారు. అటువంటి కాగితం ఏ పందిదో తెలియనప్పుడు దానికి రూపాయి ఇవ్వడం కూడా దండగే.

ఈ ఫారంలో పెద్ద లోటు ఏమిటంటే పోతు పందులకు పరీక్ష చేయించకపోవడం. పోతు ఈనదు గనుక దాని సత్తువ పైకి కనిపించదు, కానీ పుట్టే ప్రతి పిల్లకూ సగం జన్యువులు దానివే. రెండు బి రూపాలున్న ఒక్క పోతు తన సంతానమంతటికీ ఆ రూపాన్ని పంచుతుంది. మొదట పరీక్ష చేయించవలసింది దానికే. నివేదిక ఇంగ్లీషులో మాత్రమే ఉండడం మరో ఇబ్బంది.

ఎదకు వచ్చిన ఆడపందులు కావలసినవారికి ఈ ఫారాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. తల్లి రిజిస్టరు బాగున్నప్పుడే నివేదికకు అదనం చెల్లించండి. మాంసానికే పెంచేవారికి ఆ ఖర్చు అక్కరలేదు.