ఎకానమీ 7 ఫ్లాట్ తీసుకుంటున్నారా? "క్యాప్ ఉందండీ" అనే మాట నమ్మి మేం కట్టిన బిల్లు చూడండి

యూకేలో ఇల్లు వెతుక్కుంటున్న మనవాళ్లకి ఈ పోస్టు. ఎకానమీ 7 అంటే రాత్రి ఏడు గంటలు చౌకగా, మిగతా వేళ ఖరీదుగా కరెంటు ఇచ్చే పద్ధతి. ప్రైస్ క్యాప్ అంటే కంపెనీలు వేసే రేటుకి పెట్టిన హద్దు. ఏజెంటు "ఆల్ ఎలక్ట్రిక్ ఫ్లాట్, రాత్రి కరెంటు చౌక, పైగా ప్రైస్ క్యాప్ ఉంది, టెన్షన్ పడకండి" అంటే సంతకం పెట్టే ముందు ఇది చదవండి. మాకూ అచ్చం అలాగే చెప్పారు. 2024 డిసెంబర్ చివర్లో రెడింగ్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో దిగాం. జనవరి కరెంటు బిల్లు 274 పౌండ్లు.

బిల్లు చూడగానే ఇదేదో మోసం అనుకున్నాను. జనవరి నుంచి మార్చి దాకా ఆఫ్‌జెమ్ (అక్కడి కరెంటు, గ్యాసు నియంత్రణ సంస్థ) పెట్టిన క్యాప్ సగటున యూనిట్‌కి 24.86 పెన్స్ అని వార్తల్లో చదివాను. మా బిల్లులో పగటి రేటు 30 పెన్స్ ఉంది. క్యాప్ దాటి వేశారని కంపెనీకి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. అవతలి అమ్మాయి "మీ టారిఫ్ క్యాప్ లోపలే ఉంది, కంగారు అక్కర్లేదు" అని చెప్పి పెట్టేసింది. 30 అనేది 24.86 కంటే తక్కువ ఎలా అవుతుందో మాత్రం చెప్పలేదు. రాతపూర్వకంగా కంప్లయింట్ పెట్టాక, మూడో వారంలో గానీ అసలు సంగతి బయటపడలేదు.

ఆ 24.86 సింగిల్ రేటు, అంటే రోజంతా ఒకే రేటు ఉండేవాళ్లది. పగలు ఒక రేటు, రాత్రి ఒక రేటు ఉండే ఎకానమీ 7 మీటర్లకి క్యాప్ వేరేగా లెక్కేస్తారు. అందులో పగటి రేటుకి విడిగా హద్దు లేదు. ఒక ఇల్లు తన కరెంటులో సుమారు 40 శాతం రాత్రి వాడుతుందని అంచనా వేసుకుని, రెండు రేట్లూ ఆ పాళ్లలో కలిపితే వచ్చే సగటు హద్దు దాటకూడదంటారు. అంతే. ఆ సగటు లోపల పగలు ఎంత, రాత్రి ఎంత అన్నది కంపెనీ ఇష్టం. మాకు పగలు 30, రాత్రి 15. అరవై, నలభై పాళ్లలో కలిపితే 24 పెన్స్. కాగితం మీద శుభ్రంగా ఉంది.

మేం జనవరిలో వాడింది 900 యూనిట్లు. రాత్రి వాడింది అందులో వంద! అంటే మాకు పడిన సగటు 28 పెన్స్ పైనే. సింగిల్ రేటులో ఉన్నా 31 పౌండ్లు తక్కువ అయ్యేది.

రాత్రి అంత తక్కువ ఎందుకైందంటే, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పడుకునే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులు ఆపడం మా నాన్న నేర్పిన అలవాటు. ఇక్కడ గోడలకి బీరువాల్లా ఉన్న స్టోరేజ్ హీటర్ల స్విచ్చులూ రోజూ భక్తిగా ఆపేవాణ్ని. వాటిలో ఇటుకలుంటాయి, చౌక కరెంటుతో రాత్రంతా కాగి, పగలంతా ఆ వేడి వదులుతాయి. రాత్రి ఆపేస్తే పొద్దున అవి చల్లని ఇటుకలే. పాపకి చలేస్తోందని రెండు కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ కొని పగలంతా నడిపాం, యూనిట్ 30 పెన్స్ చొప్పున. వేడినీళ్లదీ అదే కథ. మనింట్లో గీజర్ వేసినట్టు స్నానానికి ముందు బూస్ట్ నొక్కేవాళ్లం. ఆ ట్యాంకు కూడా రాత్రే కాగాలి. తాళాలిచ్చిన ఏజెంటు ఈ ముక్క ఒక్క నిమిషంలో చెప్పొచ్చు, చెప్పలేదు.

డబ్బు వెనక్కి రాలేదు. ఎనిమిది వారాల్లో కంపెనీ తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు గానీ, మా కేసులో వాళ్ల లెక్క రూల్ ప్రకారం సరిగ్గానే ఉంది. నా కోపమల్లా "క్యాప్ లోపలే ఉంది" అనే ఆ అరముక్క జవాబు మీదే.

ఇంకో అపోహ కూడా ఉంది. అప్పట్లో పేపర్లలో "ఏడాదికి 1,738 పౌండ్ల క్యాప్" అని వచ్చింది కదా, మా కొలీగ్ ఒకాయన అంతకు మించి బిల్లే రాదనుకున్నాడు. అది గ్యాసు, కరెంటు కలిపి సగటు ఇల్లు ఎంత కడుతుందన్న అంచనా. క్యాప్ ఉండేది యూనిట్ రేటు మీద, వాడినా వాడకపోయినా కట్టే రోజువారీ స్టాండింగ్ ఛార్జ్ మీద. ఎంత ఎక్కువ వాడితే అంత కడతాం. మన దగ్గరలా శ్లాబులు ఉండవు. మూడు నెలలకోసారి ఆ క్యాప్ మారుతుంది, కొంతకాలానికి రేటు ఖాయం చేసే ఫిక్స్‌డ్ టారిఫ్ తీసుకుంటే అసలు వర్తించదు.

చౌక గంటలు ఏవో కంపెనీనే అడగండి, పక్కింటివాళ్ల టైమింగ్ మీది కాకపోవచ్చు. మాది రాత్రి పన్నెండున్నర నుంచి ఏడున్నర. మార్చి చివర గడియారాలు గంట ముందుకి జరిపాం, మా మీటరు జరగలేదు, అంటే చౌక కరెంటు ఒకటిన్నరకి గానీ మొదలవలేదు. ఇలా పాత టైంలోనే ఉండిపోయే మీటర్లు చాలా ఉన్నాయట. ఏప్రిల్ అంతా పన్నెండున్నరకి టైమర్ పెట్టి ఖరీదైన కరెంటుతో బట్టలు ఉతికాం.

మీటరుకి ఫోటో తీసుకోండి, దిగిన రోజే. పగటిది, రాత్రిది రెండు రీడింగులుంటాయి. పట్టపగలు కెటిల్, అవెన్ కాసేపు వేసి ఏది కదులుతుందో చూసి, బిల్లులో అదే పగటి రీడింగ్‌గా ఉందో లేదో సరిపోల్చండి. రెండూ తారుమారై నెలల తరబడి తప్పు బిల్లు కట్టేవాళ్లు ఉన్నారు. కంపెనీ తప్పు వల్ల ఆలస్యంగా బిల్లు వేస్తే, ఏడాది కంటే పాత వాడకానికి డబ్బు అడగకూడదనే రూల్ కూడా గుర్తుంచుకోండి. ఇక ఇంట్లో గ్యాస్ బాయిలర్ ఉండి, పాత ఎకానమీ 7 మీటరు ఊరికే మిగిలిపోయుంటే, సింగిల్ రేటుకి మార్చమని అడగండి.

మేం మాత్రం ఎకానమీ 7లోనే ఉన్నాం. హీటర్లు రాత్రి కాగుతున్నాయి, ఫ్యాన్ హీటర్ అటక మీదకి పోయింది. మొన్న చలికాలం నాన్న వచ్చారు. మూడో రోజు పొద్దున లేచేసరికి ఇల్లు మంచుగడ్డలా ఉంది. ఇప్పుడు ఆ స్విచ్చుల మీద ప్లాస్టర్ అంటించి, పెద్దక్షరాలతో "ఆపొద్దు నాన్నా" అని రాసిపెట్టాను.