విప్పి బాగుచేశాక ఎనిమిదేళ్లుగా నడుస్తున్న మా అంబాసిడర్ డైనమో

మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 2, 1972 మోడల్. దానికున్నది లూకాస్ సీ40 డైనమో, అంటే ఇంజిన్ తిప్పుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే పరికరం, 12 వోల్టులు, ఇచ్చేది మహా అయితే 22 ఆంపియర్లు. చూసిన ప్రతివాళ్లూ అది పీకేసి, అదే పని చేసే కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టించమన్నారు. నేను పెట్టించలేదు, ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదనే అంటాను.

2017 వేసవిలో మొదలైంది గొడవ. బండి స్టార్ట్ అయినా డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరదు, రెండ్రోజులకోసారి బ్యాటరీ దిగిపోతుంది. ఒక ఎలక్ట్రీషియన్ కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్చు) పోయిందని కొత్తది వేశాడు, డబ్బులు పోయాయి గానీ లైటు మాత్రం ఆరలేదు. అసలు ముందు చెయ్యాల్సిన పరీక్ష వేరే ఉంది. డైనమో మీది డీ (కరెంటు బయటికిచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ కాయిల్‌ది) వైర్లు ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లనీ చిన్న తీగతో కలిపి, మీటరు ఒక కొస అక్కడ, రెండోది డైనమో బాడీకి పెట్టి, ఇంజిన్‌ని మెల్లగా రేస్ చెయ్యాలి. బాగున్న డైనమో అయితే ముల్లు గబగబా ఎక్కుతుంది, 20 వోల్టులు దాటగానే ఆపెయ్యండి. మాదాంట్లో ముల్లు కదలనే లేదు. ఎఫ్ నుంచి బాడీకి ఓమ్స్ చూస్తే 6 వచ్చింది, అంటే లోపల అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డ్ కాయిల్ బాగానే ఉంది, ఇక ముందు చూడాల్సింది తిరిగే భాగం నుంచి కరెంటు తీసుకునే కార్బన్ బ్రష్‌లనే.

దింపడం తేలికే. వెనక రెండు పొడుగు స్క్రూలు తీస్తే బ్రష్‌లున్న మూత ఊడొస్తుంది. లోపల అంతా నల్లటి కార్బన్ పొడి, ఒక బ్రష్ అరిగిపోయి దాని గూట్లోనే ఇరుక్కుని కమ్యుటేటర్‌ని (బ్రష్‌లు రాసుకునే రాగి ముక్కల చుట్టు) తాకడమే మానేసింది. మధ్యలో తిరిగే ఆర్మేచర్ మీద ఒక పక్క మెరుపు గీతలు. దాని ఇరుసుని పట్టుకునే వెనక కంచు బుష్ అరిగితే ఆర్మేచర్ కిందికి జారి, ఫీల్డ్ కాయిల్ చుట్టుకుని ఉండే పోల్ ముక్కలకి రాసుకుంటుంది, ఆ గీతలు అవే, అవి కనిపిస్తే బుష్ మార్చి తీరాలి.

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద కమ్యుటేటర్‌ని సన్నగా తీయించాను. "ఎంత తక్కువ తీస్తే అంత కాలం వస్తుంది బాబూ" అన్నాడు ఆ పెద్దాయన, నిజంగానే చాలా తక్కువే తీశాడు. తర్వాతి పనికే నాకు ఒక పూటంతా పట్టింది. రాగి ముక్కల మధ్య కరెంటు పారకుండా అడ్డుండే మైకాని దాదాపు 0.8 మిల్లీమీటర్ల లోతు గీకాలి, హాక్సా బ్లేడు పక్కల్ని అరగదీసి దాంతో ఒక్కో గాడీ గీకాను. ఇది ఎగ్గొడితే రాగి కాస్త అరగ్గానే మైకా పైకి తేలి బ్రష్‌ని ఎత్తేస్తుంది, నిప్పురవ్వలు మొదలవుతాయి. నునుపు చెయ్యడానికి ఎమరీ పేపర్ వద్దు, దాని రజను ఆ గాళ్లలో చేరుతుంది, వడ్రంగులు వాడే సన్న ఉప్పు కాగితం చాలు. కొత్త బుష్‌ని ఒక రోజంతా ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి ఎక్కించాను.

బిగించేటప్పుడు బ్రష్‌లని పైకి లాగి, స్ప్రింగ్‌ని వాటి పక్కకి ఆనించి నిలబెట్టి, మూత కూర్చున్నాక సన్న స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగ్‌ని సరిగ్గా నెత్తి మీదికి తొయ్యాలి. బండికి ఎక్కించాక ఇంకొక్కటి మర్చిపోవద్దు, వైర్లు పెట్టకముందే బ్యాటరీలో ఎర్త్ కాని (బాడీకి కలపని) కొస నుంచి తీగతో ఎఫ్‌ని ఒక్క క్షణం తాకించాలి. ఇనుములో మిగిలే అయస్కాంతం సరైన దిక్కుకి తిరగడానికి అది. ఆ రోజు స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇవ్వగానే ఎర్ర లైటు ఆరిపోయింది, నాన్నగారు బానెట్ పక్కనే నిలబడి చాలాసేపు చూస్తుండిపోయారు.

ఈ ఎనిమిదేళ్లలో మార్చింది ఒక జత బ్రష్‌లు మాత్రమే, 2022లో. సర్వీసు చేసినప్పుడల్లా వెనక రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్, బెల్టు అర అంగుళం వదులు, అంతే. లోటు లేదనను. రాత్రిపూట బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగితే హెడ్‌లైట్లు మందగిస్తాయి, ఎర్ర లైటు వెలుగుతుంది, ఎందుకంటే ఐడిల్లో డైనమో వోల్టేజి బ్యాటరీ కంటే తక్కువ, కటౌట్ విడిపోతుంది, భారమంతా బ్యాటరీదే. రోజూ సిటీ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లూ, ఏసీ కావాలనేవాళ్లూ ఆల్టర్నేటర్‌కే వెళ్లండి. ఆదివారాలూ ఊరి ప్రయాణాలూ అయితే ఇది హాయిగా సరిపోతుంది.

ఈ మధ్య ముందు బేరింగ్ సన్నగా కూస్తోంది. కొత్తది తెచ్చి పెట్టుకున్నాను, సంక్రాంతికి ఊరెళ్లేలోపు దింపి వెయ్యాలి.