రెడీమేడ్ సిరప్ బేస్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

అమ్మేవాడి పేరు చెప్పను, చెప్పక్కర్లేదు కూడా. సిరప్ మందులు తయారుచేసే ఈ లైన్లో ఉన్న సగం మంది ఆయన దగ్గరే తెప్పించుకుంటారు. "మందు కలపండి, సీసాలో నింపండి, అంతే" అని ఊదరగొడతాడే, ఆ బేసే. పీహెచ్ (ఆమ్లత కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.0 నుంచి 4.5, ప్రిజర్వేటివ్ సోడియం బెంజోయేట్ అని సర్టిఫికెట్ ముచ్చటగా ఉంది. దగ్గు మందు ట్రయల్ బ్యాచ్‌కి వాడాను. ట్రయల్ కాబట్టి బతికిపోయాను.

కొన్ని వారాలకే సీసా మూత తిప్పితే బుస్సుమంది. సోడా కాదు నాయనా, సిరప్! మెడ లోపల చుట్టూ బూడిదరంగు బూజు, పులిసిన కంపు. సీల్ తియ్యని ఇంకో డబ్బా విప్పి, పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో మీటర్ సరిచేసి మరీ చూశాను. పీహెచ్ 6.1!

సోడియం బెంజోయేట్ ఆమ్లంలో బెంజోయిక్ యాసిడ్‌గా మారుతుంది. బూజుని ఆపేది అయాన్లుగా విడిపోకుండా ఉన్న ఆ యాసిడే. దాని పీకేఏ, అంటే సగం విడిపోయి సగం విడిపోకుండా ఉండే పీహెచ్, 4.2. అక్కడ సగం పనిచేసే రూపంలో ఉంటుంది, 5.2కి వచ్చేసరికి వందకి తొమ్మిది పాళ్లు, 6.1 దగ్గర ఒక పాలు, పైన చిల్లర. అంటే ప్రిజర్వేటివ్ లేబుల్ మీదే ఉంది. పైగా బేస్ పల్చన. 66.7 శాతం చక్కెర ఉన్న చిక్కటి సిరప్‌లో సూక్ష్మజీవులకి నీరు అందదు, మా వాడు ఆ కాస్త రక్షణ కూడా మిగల్చలేదు.

ఫోన్ చేస్తే మొదట "మీ మీటర్ చూపించుకోండి సార్" అన్నాడు. రీడింగ్ ఫొటోలు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మళ్లీ చేస్తే నవ్వుతున్నాడు. "ఇంతదానికి టెన్షన్ ఎందుకు సార్? చెంచాడు సిట్రిక్ యాసిడ్ వేసి కలిపెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికి తెలుస్తుందట! తాగేది పిల్లలు.

చెంచాడు అట, పప్పులో పులుపు సరిచూసినట్టు. ఒక మందు పీహెచ్ 4 దగ్గర నిలకడగా ఉంటే ఇంకోటి అక్కడ చెడిపోతుంది. యాసిడ్ ఎక్కువైతే చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి, నిల్వలో రంగు గోధుమకి తిరుగుతుంది. పీహెచ్‌ని కదలకుండా పట్టి ఉంచే సిట్రేట్ బఫర్ లేకుండా ఒట్టి యాసిడ్ పోస్తే ఇవాళ్టి పీహెచ్ తర్వాతా అలాగే ఉంటుందని నమ్మకం లేదు. అసలు పులిసిన సరుకులో యాసిడ్ పోస్తే పులుపు వెనక్కి పోతుందా? ఈ మాట అడుగుతుండగానే ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు నా నంబర్ బ్లాక్.

కోపంలో సర్టిఫికెట్ మళ్లీ తీశాను. అంకెలన్నీ పాత బ్యాచ్‌వే, బ్యాచ్ నంబర్ ఒక్కటి వేరే ఫాంట్‌లో ఉంది. డబ్బు కట్టేముందు ఇది కనపడలేదు చూడండి, నా కళ్లకి దండం పెట్టాలి.

డబ్బా దిగగానే పీహెచ్, సాంద్రత మీరే చూసుకోండి. మీ మందుకి 5 పైన పీహెచ్ కావాలంటే బెంజోయేట్ బేస్ వద్దు, ఆ పీహెచ్‌లోనూ పనిచేసే పారాబెన్లు అనే ప్రిజర్వేటివ్‌లు వేసినది అడగండి. ఆయన సరుకు ఇప్పటికే సీసాల్లో నింపేసి ఉంటే బయటికి పంపకండి, ముందు ఒక మూత తిప్పి చూడండి.