పేగుతో కట్టిన మూత్రాశయం: తొమ్మిదేళ్లు వాడాక

నాకు ఆపరేషన్ అయి తొమ్మిదేళ్లు దాటింది. ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే దీర్ఘకాలిక జబ్బుతో ముడుచుకుపోయిన నా బ్లాడర్ పైభాగం తీసేసి, చిన్న పేగు ముక్కతో కొత్త సంచి కుట్టారు. ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒక్కటే, మళ్లీ అయితే చేయించుకుంటారా అని. చేయించుకుంటాను. అయితే ఆ ఒక్క మాట విని ఎవరూ సంతకం పెట్టకూడదు. నాకు ఆపరేషన్ గురించి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆ తర్వాత ఐదో ఏడు ఎలా ఉంటుందో, ఏడో ఏడు ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు సంగతి క్లుప్తంగా చెప్తాను. రోజుకు నలభై, యాభై సార్లు మూత్రానికి వెళ్లేదాన్ని. బ్లాడర్ కాస్త నిండగానే పొత్తికడుపులో మంట, ఖాళీ చేస్తే పది నిమిషాలు ఊరట, మళ్లీ మొదలు. చివరి ఏడాది పరుపు తీసుకెళ్లి బాత్రూం తలుపు పక్కనే వేసుకున్నాను. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేసి, పెదవులు పగిలి రక్తం కారేది. మాత్రలు వాడాను, బ్లాడర్‌లోకి మందులు ఎక్కించుకున్నాను, మత్తిచ్చి నీళ్లతో సాగదీశారు, ఇంజెక్షన్లు చేశారు. ప్రతిదీ కొన్నాళ్లు పనిచేసి ఆగిపోయింది.

ఆపరేషన్ మాట ఎత్తే ముందు మా సర్జన్ చేసిన ఒక పరీక్ష మీకు ఉపయోగపడుతుంది. పూర్తి మత్తులో ఉంచి బ్లాడర్ ఎంత పడుతుందో కొలిచారు. కొంతమందికి మెలకువలో వంద మిల్లీలీటర్లకే ప్రాణం పోయినట్టున్నా, మత్తులో మామూలుగానే సాగుతుంది. నాది మత్తులో కూడా సాగలేదు, గోడ గట్టిపడిపోయింది. ఇలా నిజంగానే కుంచించుకుపోయిన బ్లాడర్‌ ఉన్నవాళ్లకు ఈ ఆపరేషన్ బాగా పనిచేస్తుందనీ, మత్తులో సాగేవాళ్లకు నొప్పి అలాగే మిగిలిపోయే అవకాశం ఎక్కువనీ ఆయన చెప్పారు. "నొప్పి మొత్తం పోతుందని మాట ఇవ్వలేనమ్మా" అని కూడా అన్నారు. ఆ మాట అన్నందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

చేసేది ఏమిటంటే, చిన్న పేగు చివరి భాగంలో కొంత ముక్క దాని రక్తనాళాలతో సహా విడదీస్తారు. పెద్ద పేగులో కలిసే చోటు దగ్గర కొన్ని అంగుళాలు ముట్టుకోరు, బీ12 విటమిన్ ఒంటికి పట్టేది అక్కడే. తీసిన ముక్కను గొట్టంలా ఉంచరు. నిలువునా చీల్చి, మడిచి, గిన్నెలా కుట్టి పాత బ్లాడర్ అడుగుకు అతికిస్తారు. గొట్టంలా వదిలేస్తే పేగు తన అలవాటు ప్రకారం అలలు అలలుగా బిగుసుకుని మూత్రాన్ని తోసేస్తుంది. చీల్చి మడిచాక ఆ అలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, లోపల ఒత్తిడి తగ్గుతుంది, ఎక్కువ పడుతుంది. నాకు అడుగున, కిడ్నీల నుంచి గొట్టాలు వచ్చి కలిసే ముక్కోణం భాగాన్ని ఉంచేశారు. క్యాన్సర్‌కి మొత్తం బ్లాడర్ తీసి కొత్తది కట్టినవాళ్ల కథ కొంత వేరు. వాళ్లలో చాలామంది పొట్ట బిగించి తోసి సొంతంగానే పోసుకుంటారు, రాత్రిళ్లు కారడం వాళ్లకు ఎక్కువ.

నాకు కారడం లేదు. నా సమస్య దానికి తలకిందులు: తనంతట తాను ఖాళీ కాదు. రోజూ క్యాథెటర్, అంటే మూత్రం తీసే సన్నటి గొట్టం, పెట్టుకునే తీయాలి. ఇది ముందే చెప్పారు, ఆపరేషన్‌కు ముందే నేర్పించారు కూడా. నేర్పించకుండా ఆపరేషన్‌కు రమ్మనేవాళ్లుంటే ఒకసారి ఆగి ఆలోచించండి. నాకు నేర్పిన నర్సమ్మ చేతిలో చిన్న అద్దం పెట్టి, "చూడకుండా కూడా వస్తుందమ్మా, పది రోజులు ఆగండి. ఇప్పుడు ఊపిరి వదలండి, వదిలేటప్పుడు పెట్టండి" అంది. మొదటి రోజు చేతులు వణికి మూడు క్యాథెటర్లు కింద పడేశాను, ఏడ్చాను. పదకొండో రోజుకి అద్దం అక్కర్లేకపోయింది. ఇప్పుడు మూడు నిమిషాల పని.

చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటే చాలు, స్టెరైల్ గ్లవ్స్ అవసరం లేదు. మొదట్లో ఇది నమ్మలేక ఇంట్లో ఆపరేషన్ థియేటర్ నడిపినంత పని చేశాను. ఈ పద్ధతిని 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు ప్రచారంలోకి తెచ్చారు. లోపలికి నాలుగు క్రిములు వెళ్లడం కన్నా, బ్లాడర్ మితిమీరి నిండి సాగిపోవడమే ఇన్ఫెక్షన్లకు పెద్ద కారణం అన్నది ఆయన వాదన. నా అనుభవంలో అది అక్షరాలా నిజం. జ్వరం వచ్చిన ప్రతిసారీ వెనక్కి చూసుకుంటే, ముందురోజు ఎక్కడో ఆలస్యం చేసి ఉంటాను.

క్యాథెటర్లలో నీళ్లు తగలగానే జారుడుగా మారే పూత ఉన్నవి హాయిగా వెళ్తాయి. పూత లేనివాటికి జెల్ రాసుకోవాలి, తీసేటప్పుడు కాస్త పట్టినట్టుంటుంది. సైజు మాత్రం మరీ సన్నది తీసుకోకండి. సన్నదైతే నొప్పి తక్కువని నేను పది నంబరు అడిగి తీసుకున్నాను, పేగు ఊర్చే జిగురుకు అది రెండు రోజుల్లో మూడుసార్లు పూడుకుపోయింది. ఇప్పుడు పద్నాలుగు వాడుతున్నాను.

ఈ జిగురు సంగతే అసలు సంగతి. పేగును ఎక్కడ కుట్టినా అది పేగే, జిగురు ఊరుస్తూనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. రోజూ రాత్రి 60 మిల్లీలీటర్ల సిరంజితో సెలైన్ ఎక్కించి, నెమ్మదిగా వెనక్కి లాగుతాను. మొదటిసారి వచ్చే నీళ్లలో తెల్లటి పోగులు తేలుతుంటాయి, నానబెట్టిన నూలు విడిపోయినట్టు. రెండోసారికి పలచబడతాయి, మూడోసారో నాలుగోసారో నీళ్లు తేటగా వస్తాయి. అప్పుడు ఆపేస్తాను. లాగేటప్పుడు అడ్డుపడితే బలవంతం చేయను, క్యాథెటర్‌ను కొంచెం తిప్పి, కొంచెం సెలైన్ లోపలికి తోసి మళ్లీ లాగుతాను.

నాలుగో ఏట ఈ కడగడం బద్ధకించాను. అంతా బాగానే ఉంది కదా అని వారానికి ఒకసారికి, తర్వాత గుర్తొచ్చినప్పటికి దిగింది. ఎనిమిది నెలల తర్వాత మూత్రంలో రక్తం కనబడింది. స్కానింగ్‌లో రెండు రాళ్లు. మిగిలిపోయిన మూత్రం, దానిలో జిగురు, ఆ జిగురు చుట్టూ పేరుకున్న ఉప్పు. లేజర్‌తో పగలగొట్టి తీశారు. ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా మానలేదు, జ్వరంతో పడుకున్న రోజు మా ఆయన సిరంజి నింపి చేతికిచ్చారు.

అలారం గురించి. పాత బ్లాడర్ నిమిష నిమిషానికీ అరిచేది, కొత్తది అసలు పలకదు. నిండితే పొట్టలో బరువు, ఒక్కోసారి వాంతి వచ్చేటట్టుంటుంది, అంతే. అందుకని గడియారమే నా బ్లాడర్. మొదట్లో రెండు గంటలకు ఒకసారి, 150 మిల్లీలీటర్లు. వారం వారం కాస్త పెంచుతూ ఆరు నెలలకు నాలుగు గంటలకు చేరాను. ఇప్పుడు 400 నుంచి 450 వస్తుంది, 500 దాటనివ్వను. మొదటి ఏడాది ప్రతిసారీ కొలిచి నోటు పుస్తకంలో రాశాను. రాత్రి పదకొండుకు ఒకసారి, ఉదయం ఐదుకు ఒకసారి. మధ్యలో ఆరు గంటల నిద్ర. ఆపరేషన్ అయిన ఏడో నెలలో మొదటిసారి అలా నిద్రపోయి లేచినప్పుడు కిటికీలో వెలుతురు చూసి, టైం తప్పు చూశాననుకుని గడియారం రెండుసార్లు చూసుకున్నాను.

ఎవరూ హెచ్చరించని విషయం అలసట. రెండో ఏట కారణం తెలియని నీరసం, ఆకలి లేకపోవడం, మెట్లెక్కితే ఆయాసం. మనసు బాగోలేదేమోనని నేనే సర్దిచెప్పుకున్నాను. రక్త పరీక్షలో బైకార్బొనేట్, అంటే రక్తంలో ఆమ్లాన్ని అదుపులో ఉంచేది, ఉండాల్సినదాని కన్నా బాగా తగ్గి 16కి పడిపోయింది. పేగు తనలో నిల్వ ఉన్న మూత్రం నుంచి ఆమ్లాన్నీ క్లోరైడునూ మళ్లీ రక్తంలోకి పీల్చుకుంటుంది. చాలాకాలం పట్టించుకోకపోతే ఎముకలు కూడా అరుగుతాయి. సోడియం బైకార్బొనేట్ మాత్రలు మొదలుపెట్టిన మూడు వారాలకు మనిషినయ్యాను. ఆరు నెలలకోసారి కిడ్నీ పరీక్షలు, బైకార్బొనేట్, ఏడాదికోసారి బీ12, స్కానింగ్ చేయించుకుంటాను. బీ12 కాలేయంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది కాబట్టి లోటు ఆలస్యంగా బయటపడుతుంది. నాకు ఇంతవరకు తగ్గలేదు, అయినా చూపించుకుంటూనే ఉన్నాను.

మూత్ర పరీక్షల దగ్గర మోసపోకండి. క్యాథెటర్ వాడే నాలాంటివాళ్ల మూత్రంలో క్రిములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. మొదటి ఏడాది కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్షలో, ఏదో పెరిగిందని రాసినప్పుడల్లా యాంటీబయాటిక్ మింగాను, ఐదారు కోర్సులు. చివరికి ఆపరేషన్ చేసిన సర్జన్, జ్వరం, నొప్పి, కొత్తగా కారడం లాంటివి లేనప్పుడు మూత్ర పరీక్షే చేయించొద్దన్నారు. ల్యాబ్‌లో జిగురును ప్రోటీన్‌ అని కూడా రాస్తారు. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి, పేగు కలిసిన మూత్రంతో ఇంట్లో చేసుకునే గర్భ పరీక్ష లేకపోయినా ఉందని చూపించవచ్చు. రక్త పరీక్షే నమ్మాలి.

నాకు కోపం తెప్పించినది ఒకటుంది. ఆరో ఏట ఒక రాత్రి జిగురు ముద్దకట్టి క్యాథెటర్‌లోంచి చుక్క రాలేదు, ఎంత కడిగినా రాలేదు. దగ్గర్లోని అత్యవసర విభాగానికి వెళ్తే, అక్కడి డాక్టరు పొట్ట తట్టి గ్యాస్ అన్నారు. "పేగుతో కట్టిన బ్లాడర్ అండీ, ఎక్కువ నిండితే పగిలిపోవచ్చు" అని మా ఆయన మూడుసార్లు చెప్పారు. రెండు గంటలు కూర్చోబెట్టారు. చివరికి డ్యూటీ మారి వచ్చిన నర్సు లావు క్యాథెటర్ పెట్టి సెలైన్‌తో కడిగితే 900 మిల్లీలీటర్లు వచ్చింది. పగలలేదు, అది నా అదృష్టం. పగిలితే మొదట్లో కడుపునొప్పి, ఉబ్బరం, ఒక్కోసారి భుజం నొప్పి మాత్రమే ఉండవచ్చు, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. అప్పటి నుంచి పర్సులో ఒక కార్డు పెట్టుకుంటున్నాను: ఏ ఆపరేషన్, ఏ ఏడు, సర్జన్ ఫోన్ నంబరు, "కడుపునొప్పితో వస్తే వెంటనే క్యాథెటర్ పెట్టి ఖాళీ చేయండి, బ్లాడర్‌లో మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయండి" అని. లావు క్యాథెటర్ ఒకటి, సిరంజి ఒకటి, సెలైన్ సీసా ఒకటి సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

నొప్పి విషయం దాచను. నిండేటప్పుడు వచ్చే ఆ మంట పోయింది. ఉంచేసిన ముక్కోణం దగ్గర నెలకు రెండు మూడు రోజులు సలుపుతుంది, ఒక మాత్రతో సరిపోతుంది. మొదటి నాలుగు నెలలు విరేచనాలు పల్చగా అయ్యేవి, అవి సర్దుకున్నాయి. క్యాథెటర్ చేతకానివాళ్లకు, వేళ్లు పట్టు తప్పినవాళ్లకు అపెండిక్స్‌తో పొట్ట మీదికి చిన్న దారి చేసే పద్ధతి ఉంది, 1980లో ఫ్రెంచ్ సర్జన్ పాల్ మిత్రోఫనాఫ్ వివరించినది. అది అవసరమేమో ఆపరేషన్‌కు ముందే అడగండి, తర్వాత మళ్లీ కోయించుకోవడం కన్నా మేలు.

వచ్చే ఏడాదితో పదేళ్లు. పేగు, బ్లాడర్ కలిసిన కుట్టు దగ్గర చాలా ఏళ్ల తర్వాత అరుదుగా క్యాన్సర్ రావచ్చు కాబట్టి పదేళ్ల నుంచి ఏటా కెమెరాతో చూడాలని మా సర్జన్ అంటారు. అందరు డాక్టర్లూ అలా చూడరు, రక్తం పడినా మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చినా మాత్రమే చూసేవాళ్లున్నారు. నేను చూపించుకుంటానని చెప్పాను, తేదీ కూడా తీసుకున్నాను.

ఇప్పుడు రాత్రి పదకొండవుతోంది. సెలైన్ సీసా వేడినీళ్ల గిన్నెలో పెట్టి వచ్చాను, చల్లగా ఎక్కిస్తే పట్టేస్తుంది. గోరువెచ్చనయ్యుంటుంది.