రావి ఆకు ఈనెల దీపం: రెండేళ్ల వాడకం తర్వాత

రావి ఆకులో గుజ్జంతా పోగా మిగిలే ఈనెల వలలు అతికించి చేసిన గుండ్రటి వేలాడే దీపం ఇది. అడ్డుకొలత 30 సెం.మీ. రోజుకు నాలుగైదు గంటల చొప్పున రెండేళ్లుగా వెలుగుతోంది. ఆకులు బాగానే మన్నాయి, ఇబ్బంది పెట్టిందల్లా జిగురే.

ఆకులు ముదురువై ఉండాలి. నీళ్లలో మూడు నాలుగు వారాలు నానేసి మెత్తటి బ్రష్షుతో తోమితే గుజ్జు ఊడిపోతుంది. లేతాకులైతే ఈనెలు కూడా దాంతోపాటే ఊడొస్తాయి. తెల్లబడాలని బ్లీచింగ్ నీళ్లలో ఎక్కువసేపు ఉంచినవి ఏడాది తిరక్కుండానే పెళుసుబారి అంచుల్లో రాలాయి. లేత గోధుమరంగులో వదిలేసినవి చెక్కుచెదరలేదు. ఎటూ పసుపు వెలుగులో ఆ రెంటికీ తేడా తెలీదు.

అసలు పనంతా రబ్బరు బుడగ మీదే. ఊదిన బుడగకు పల్చగా వాజలీన్ రాసి, తెల్ల జిగురు సగం, నీళ్లు సగం కలిపి, ఆకు మీద ఆకు మూడోవంతు ఎక్కేలా రెండు పొరలు పరవాలి. 110 ఆకుల దాకా పట్టాయి. తొడిమలన్నీ పైకే ఉండాలి. ఎటు పడితే అటు పెడితే, వెలిగించాక చెత్త అంటుకున్నట్టుంటుంది. ఎండలో పెట్టారో, లోపలి గాలి వేడెక్కి బుడగ ఉబ్బుతుంది, సగం ఆరిన అతుకులు విచ్చుకుంటాయి. నీడలో రెండు రోజులు ఆరాలి. ఆరాక సూదితో ఠప్పుమని పేలిస్తే బుడగ ముడుచుకుంటూ ఆకుల్నీ లాక్కుపోతుంది. ముడి దగ్గర చిన్న గాటు పెట్టి గాలి మెల్లగా వదలాలి.

తెల్ల జిగురు తేమకు మెత్తబడుతుంది. వార్నిష్ లేకుండా వేలాడదీసిన తొలి నెలల్లో గోళం కిందికి సొరకాయలా సాగింది. నీళ్లలో కలిసే రకం అక్రిలిక్ వార్నిష్ లోపలా బయటా రెండు పూతలు వేశాక మళ్లీ సాగలేదు. నూనె వార్నిష్ జోలికి పోవద్దు, పోనుపోను పచ్చబడుతుంది. బల్బు దిగే పై రంధ్రం అంచుకు 2 మి.మీ. తీగ రింగు అతికించడం తప్పనిసరి. లేకపోతే బరువంతా నాలుగైదు ఆకుల మీదే పడి అక్కడే చిరుగుతుంది.

బల్బు దగ్గర మాత్రం ఏదో ఒకటి వదులుకోవాలి. గోడ మీద ఈనెల నీడలు కావాలంటే తేట గాజు బల్బు పెట్టాలి, కానీ కళ్లలో గుచ్చుతుంది. పాలగాజు బల్బులో వెలుగు పెద్ద ఉపరితలం నుంచి వస్తుంది కాబట్టి నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చివరికి నిలిచింది 4 వాట్ల, 2700 కెల్విన్ (అంటే పసుపు వెలుగు) తేట గాజు ఎల్‌ఈడీ. ఇంకా తెల్లటి వెలుగిచ్చే 4000 కెల్విన్ పెడితే ఆకులు బూడిద పూసినట్టు కనపడ్డాయి. పాతకాలం ఫిలమెంట్ బల్బు వేడికి ఇది తట్టుకోదు. ఎల్‌ఈడీ అయినా కొంత వేడెక్కుతుంది, వేడి గాలి పైకే పోతుంది, అందుకే పైన 8 సెం.మీ. ఖాళీ వదలాలి.

నెలకోసారి స్విచ్ ఆపి పొడి మేకప్ బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు, తడిగుడ్డ తగలనివ్వకూడదు. చిరిగిన చోట లోపలి వైపు నుంచి మరో ఆకు అతికిస్తే, వెలిగినప్పుడు అతుకు పోల్చుకోవడమే కష్టం.